గంటాగి తియ్యి

మూడు బీపులు వినిపిస్తాయి, మూడోది ఆగిన చోట ఏడవాలి. డబ్బింగులో అంతే పని. అక్క నోరు తెరిచింది, ఊపిరి పీల్చింది, ఎదురుగా తెర మీద తన మొహమే, వంటింట్లో నేల మీద చతికిలబడి, చేతిలో కుక్కర్ రబ్బరు పట్టుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని ఏడుస్తోంది, బొమ్మ మాత్రమే ఏడుస్తోంది, శబ్దం లేదు, శబ్దం ఇక్కణ్ణుంచి తను పెట్టాలి, పెట్టబోయింది, గొంతులోంచి ఏదో వచ్చింది కూడా, కానీ అది ఏడుపు కాదు, దగ్గుకీ ఆవలింతకీ మధ్య ఏదో. తెర నల్లబడింది. అద్దం అవతల సౌండాయన తలాడించాడు, బాగుందనో బాగోలేదనో బ్రహ్మకి కూడా తెలియని తలాడింపు. చెవుల మీది హెడ్‌ఫోన్‌లో టిక్కుమని, ఆయన గొంతు వచ్చింది. "పర్లేదక్కా. ఇంకోటి చూద్దాం." ఇంకోటి, ఇంకోటి అంటూ ఎన్నయ్యాయో లెక్క ఎప్పుడో తప్పింది.

ఆ సినిమాకి పని చేసిన వాళ్ళందరికీ ఆమె అక్కే. డైరెక్టరు సొంత తమ్ముడు గనక అక్కా అన్నాడు, వాడు అన్నాడు గనక కెమెరా అతను అన్నాడు, లైట్లు పట్టినవాళ్ళు అన్నారు, చివరికి నెత్తి నెరిసిన ఈ సౌండాయన కూడా అక్కా అనే అంటాడు, ఇంత పెద్ద తమ్ముణ్ణి మా అమ్మ ఎప్పుడు కందో అని ఆమె ఒకసారి అంటే ఆయన నవ్వాడే గానీ పిలుపు మాత్రం మార్చలేదు. ఇప్పుడీ గదిలో ఆమె ఒక్కతే. ఏసీ ఆపేశారు, దాని రొద మైకులో పడుతుందట. గోడలన్నీ స్పాంజి, మాట అనీ అనగానే మింగేస్తాయి, నోటి ముందు మైకు, పక్కన స్టూలు మీద నీళ్ళ సీసా, తలుపు మూరెడు మందం, దాని అంచు చుట్టూ గాలి కూడా దూరకుండా నల్లటి రబ్బరు బిగించారు, పైన ఎర్ర లైటు వెలుగుతున్నంతసేపు తలుపు తియ్యకూడదు. ఆ రబ్బరు వైపు చూసి చూపు తిప్పుకుంది. వెధవ రబ్బరు, ఎక్కడికి పోయినా వెంటే వస్తుంది. వీపు మీద చెమట కారుతోంది, తుడుచుకుందామంటే బట్టల చప్పుడు మైకులో పడుతుందంటారు, కదిలితే చప్పుడు, ముక్కు ఎగబీల్చితే చప్పుడు, కడుపులో ఆకలి కేకేసినా సౌండాయన కనుబొమలు ఎగరేస్తాడు, ఒక్క ఏడుపు చప్పుడు తప్ప అన్నీ బాగానే వస్తున్నాయి ఈ ఒంట్లోంచి.

అద్దం అవతల ముగ్గురు. సౌండాయన కూర్చున్నాడు, తమ్ముడు నిలబడి గోళ్ళు కొరుకుతున్నాడు, వాళ్ళ వెనక సోఫాలో సినిమా కొనడానికొచ్చిన పెద్దమనిషి. కళ్ళజోళ్ళ దుకాణంలో ఇన్నేళ్ళుగా చూపు పరీక్ష చేస్తూ చేస్తూ ఆమెకి మనుషులు జోళ్ళతోనే గుర్తుండటం అలవాటైపోయింది. ఈయనది అంచుల్లేని ఖరీదైన జోడు, అయితేనేం, ముక్కు మీద నిలవట్లేదు, మాటిమాటికీ వేలితో పైకి నెట్టుకుంటున్నాడు, రెండు నిమిషాలు తన చేతికిస్తే ముక్కు దగ్గరి బొత్తాలు కాస్త లోపలికి వంచి ఇస్తుంది, జన్మలో జారదు, ఈ ఏడుపు ఏడవడం కంటే అది నయం. కానీ ఆయనకి కావలసింది ఏడుపే. "సినిమా అంతా ఒక ఎత్తు, ఆవిడ ఏడుపొక ఎత్తు," అన్నాడట తమ్ముడితో. "దాన్ని ఇంకాస్త సాగదియ్యండి, ఇంకాస్త గట్టిగా, జనం పొట్టలు చెక్కలయ్యేట్టు ఏడిపించండి. విడుదల చేసే పూచీ నాది." ఇవ్వకపోతే? ఇవ్వకపోతే ఆయన జోడు సర్దుకుని లేచి వెళ్ళిపోతాడు, తమ్ముడి మూడేళ్ళ కష్టం అరచెయ్యంత హార్డ్‌డిస్కులోకెక్కి అలమరలో పడుకుంటుంది, మళ్ళీ దాన్ని లేపేవాళ్ళుండరు.

బీప్. బీప్. బీప్. తెర మీద ఆమె ఏడుస్తోంది. తెర ముందు ఆమె ఏడవట్లేదు. "ఊఁ... ఊఁ..." అంది, అన్నం వద్దని మారాం చేసే పిల్లలాగా ఉంది. తెర నల్లబడింది. పెద్దమనిషి ఏదో అన్నాడు, వాళ్ళు బటన్ నొక్కితేనే గాని లోపలికి మాట రాదు, అద్దంలో పెదాలు ఆడటం మాత్రం కనిపించింది. లోపల్నుంచి మాత్రం అన్నీ బయటికి పోతాయి, ఇక్కడ నిట్టూర్చినా అక్కడ పెద్ద పెద్ద స్పీకర్లలో వినపడుతుంది. మనింట్లో బాత్రూం లాంటిది కాదు ఇది, అనుకుంది. మనింట్లో బాత్రూంలోనైతే కుళాయి ఉండేది.

కుళాయి. అమ్మ కుళాయి తిప్పేది. బకెట్టు పెట్టకుండా ఊరికే నేల మీదకి. బకెట్టులో పడే నీళ్ళది ఒక చప్పుడు, వట్టి నేల మీద పడే నీళ్ళది ఇంకో చప్పుడు, ఆ రెండో చప్పుడు వినపడితే అమ్మ లోపల ఏడుస్తోందని ఇంట్లో పిల్లలిద్దరికీ తెలుసు, తెలిసీ హోంవర్కు రాసుకునేవాళ్ళు. మొదట్లో అమ్మ బయటే ఏడ్చేది. నాన్న ఇక రాడని తెలిసిన కొత్తలో గోడకి వీపు ఆనించి కూర్చుని ఏడ్చింది, ఆ ఏడుపు మామూలు మనుషుల ఏడుపులా ఉండేది కాదు, కుక్కర్ కూత వెయ్యబోయే ముందు సన్నగా ఈల మొదలవుతుందే, అలా మొదలై, పైకి పైకి పోయి, ఇంక పగులుతుందేమో అనుకున్నప్పుడు హిక్ మని ఒక వెక్కిలి, మళ్ళీ ఈల, మళ్ళీ హిక్. పాలబుగ్గల వాడు, తమ్ముడు, మొదటి హిక్ కే కిసుక్కుమన్నాడు. వాణ్ణి చూసి అక్కకి నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. అమ్మ తల ఎత్తి చూసింది, కోప్పడుతుందనుకుంటే ఆవిడకీ నవ్వొచ్చింది, ఏడుపులో నవ్వు, నవ్వులో హిక్, ముగ్గురూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు, ఆ మధ్యాహ్నం ఎంత బాగుందో అని చాలా ఏళ్ళు అనుకుంది అక్క. తరవాత్తరవాత తమ్ముడు చుట్టాల ముందు ఆ ఏడుపు దించడం నేర్చుకున్నాడు, అచ్చు గుద్దినట్టు, చీరకొంగు బదులు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని, అమ్మ ఏడుపు చెయ్యరా అంటే చాలు చేసేవాడు, పిన్నీ వాళ్ళూ పడీ పడీ నవ్వేవాళ్ళు, అమ్మ కూడా పోరా వెధవా అని నవ్వేది. ఆ తరవాతే కుళాయి మొదలైంది. ఆ రెండింటికీ ఉన్న సంబంధం అప్పుడు తట్టలేదు, తట్టే వయసు కాదు, వయసొచ్చాక తట్టి మాత్రం ఏం లాభం.

అమ్మ ముక్కు తమ్ముడికొచ్చింది, అమ్మ ఏడుపు తనకొచ్చింది. బళ్ళో ఒకసారి లెక్కలు తప్పి ఏడిస్తే క్లాసు క్లాసంతా నవ్వింది, టీచరు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుంది. నవ్వు నాలుగు విధాల చేటంటారు గానీ అది నవ్వేవాళ్ళకి చెప్పిన మాట, ఎవరిని చూసి నవ్వారో వాళ్ళకి ఎన్ని విధాల చేటో ఎవరూ లెక్కెయ్యలేదు. ఆ రోజుతో మానేసింది. గుడ్ల నీరు గుడ్ల కుక్కుకోవడం వంట నేర్చుకున్నంత తేలిగ్గా వచ్చేసింది. వచ్చిన ఒక పెళ్ళి సంబంధం, చీరలు కూడా కొన్నాక, వెనక్కి పోయినప్పుడు ఏడవలేదు, దుకాణంలో తనకంటే వెనకొచ్చిన వాడికి తనకి రావలసిన కుర్చీ ఇచ్చినప్పుడు ఏడవలేదు. అమ్మ పోయినప్పుడూ ఏడవలేదు. ఇల్లంతా జనం, ఉన్నది ఒక్క బాత్రూం, లోపలికెళ్ళి గడియ పెట్టి కుళాయి తిప్పింది, నోరు తెరిచింది, తలుపు మీద టకటకమన్నారు. "లోపల ఎవరు? కాస్త త్వరగా రావాలి, పిల్లాడు ఆగట్లేదు." బయటికొచ్చింది. ఇంకాసేపాగి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ టకటక. ఏడవడానికి చోటు దొరకని ఇల్లది. ముందు గదిలోకొచ్చి కూర్చుంటే పిన్ని పక్కావిడ చెవిలో అంది, చెవిలో అన్నానని ఆవిడ అనుకుంది గానీ గదంతా విన్నది, "పెద్దది చూడు, నిమ్మకు నీరెత్తినట్టు ఎలా కూర్చుందో."

టిక్. "అక్కా, నీళ్ళు తాగు," తమ్ముడి గొంతు. "తొందరేం లేదు." తొందరేం లేదనే గొంతులోనే ఉంది తొందరంతా. నీళ్ళు తాగింది. వెచ్చగా ఉన్నాయి.

వాడికి తెలీదు. అదీ అసలు చిక్కు. ఆ రోజు వంటింట్లో తను నటించిందనే వాడు అనుకుంటున్నాడు, ఇంతవరకు. కథ వాడు రాసుకున్నదే: అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమంటున్న ఓనరుని మంచి చేసుకోవడానికి ఒక అక్కా తమ్ముడూ భోజనానికి పిలుస్తారు, సరిగ్గా ఆ పూటే ఇంట్లో వస్తువులన్నీ ఒకదాని తరవాత ఒకటి మొరాయిస్తాయి. ఓనరు భోజనానికొస్తున్నాడు, అదే సినిమా పేరు కూడా. అక్క వేషానికి కుదిరిన అమ్మాయి మొదటి రోజు సాయంత్రానికే, బట్టలు మార్చుకోవడానికి గది లేని చోట చెయ్యనని వెళ్ళిపోయింది, న్యాయమే, కెమెరా మాత్రం అద్దెకు తెచ్చింది, ఊరికే కూర్చోదు. "అక్కా, నువ్వు నిలబడు. నిలబడి నువ్వు రోజూ చేసే పనులే చెయ్యి, కెమెరా వైపు చూడకు, అంతే," అన్నాడు. దుకాణానికి సెలవు పెట్టి నిలబడింది. ఇల్లు వాళ్ళదే, గిన్నెలు వాళ్ళవే, అటక మీది సామానంతా కిందకొచ్చింది, వాళ్ళ ఇంట్లోనే వాళ్ళు అతిథుల్లా గోడలకి అతుక్కుని నడిచేవాళ్ళు, తన మంచం మీద ఎవరో ఒకరు నిద్రపోతూ ఉండేవాళ్ళు.

ఫ్రిజ్ ఒకటి ఉండేది, ఒంటి తలుపుది, అమ్మ కొన్నది, రొద ఎక్కువ. షాట్ ముందు దాన్ని ఆపేవాళ్ళు. ఆపడం అందరికీ గుర్తుంటుంది, మళ్ళీ వెయ్యడమే ఎవరికీ గుర్తుండదు, అందుకని సౌండాయన దగ్గర ఒక చిట్కా ఉంది, ఫ్రిజ్ ఆపగానే తన బండి తాళాలు దాని ఫ్రీజర్లో పెడతాడు, తాళాల్లేకుండా ఇంటికి పోలేడు, తాళాల కోసం తలుపు తెరిస్తే లోపల లైటు వెలగదు, అప్పుడు స్విచ్చి గుర్తొస్తుంది. ఎంత తెలివో అని ముచ్చటపడింది అక్క మొదటిసారి చూసినప్పుడు. ఏడుపు సీను తీసిన రోజు పొద్దున ఆపిన ఫ్రిజ్ మధ్యాహ్నం దాటినా ఆపే ఉంది. కుక్కర్ రబ్బరు ఊడి ఆవిరంతా పక్కనించి పోతుంది, లోపల ఓనరు ఆకలితో కాళ్ళూపుతుంటాడు, అక్క ఫ్రిజ్ తీసి చల్లటి సీసా తీసుకుని గుక్కెడు తాగి, కూలబడి, ఏడవాలి. ఏడుపు రాలేదు. కళ్ళల్లో మందు వేశారు, నీళ్ళు వచ్చాయి గానీ ఏడుపు రాలేదు. ఇంకోసారి అన్నారు. ఫ్రిజ్ తలుపు తీసింది, పైన ఫ్రీజరు బుల్లి తలుపు దానంతటదే తెరుచుకుంది, ఎన్ని నెలలుగానో గడ్డకట్టుకుపోయిన మంచు కరిగి జారిపోయింది, సౌండాయన తాళాల పక్కన, ఆ మంచు వెనకాల, ఒక పాల కవరు, దాని మూతికి అమ్మ ముడి, రెండు చెవులు పైకి తీసి వేసే ముడి, ఆ ముడి ఇంకెవరూ వెయ్యరు, కవరులో పాత కుక్కర్ రబ్బరు.

రబ్బరు సాగిపోతే అమ్మ పారేసేది కాదు. గంటసేపు ఫ్రీజర్లో పెట్టి తీస్తే బిగుసుకుంటుంది, ఇంకో నాలుగు పూటలు వస్తుందనేది, మాటిమాటికీ కొత్తది కొంటే కుక్కర్‌కి పొగరెక్కుతుందనేది. ఆయాసంగా ఉందని ఆస్పత్రికి బయల్దేరిన పొద్దున, తన కాళ్ళ మీద తనే నడిచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి చెప్పింది. "పెద్దదానా, ఫ్రీజర్లో రబ్బరు పెట్టానే. గంటాగి తియ్యి. మర్చిపోకు." సరేలే అమ్మా అంది తను, కళ్ళజోడు ఎక్కడ పెట్టావు, అది తీసుకో ముందు, అని కూడా అంది. అమ్మ తిరిగి రాలేదు. ఆ తరవాత ఎవరో వంట చెయ్యబోతే కుక్కర్‌కి రబ్బరు లేదన్నారు, వీధి చివర కొట్టుకెళ్ళి కొత్తది తెచ్చింది, పాతది ఏమైందని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మర్చిపోకు అంది. మర్చిపోయింది. అత్త పోయిన ఆరు నెలలకి కోడలి కంట నీరొచ్చిందని సామెత చెప్పి నవ్వుకుంటారు జనం, ఈ కూతురికి ఎనిమిది నెలలు పట్టింది, కోడలే నయం. ముడి విప్పి, రబ్బరు చేతిలోకి తీసుకుని, అది చల్లగా, తడిగా, అప్పుడే పెట్టినట్టు ఉంది, నేల మీద కూలబడింది, ఈల మొదలైంది, పైకి పోయింది, హిక్.

కెమెరా తిరుగుతూనే ఉంది. తమ్ముడు ఆపమనలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, ఒకరిని చూసి ఒకరు, లైటు పట్టుకున్నవాడి చెయ్యి ఊగి గోడ మీద నీడలు ఊగాయి. అయిపోయాక తమ్ముడు పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "అక్కా, రబ్బరు పట్టుకుని ఏడవడం ఎలా తట్టింది నీకు? నేను రాయలేదది. అయినా అది ఎక్కణ్ణుంచి తెచ్చావు?" అటక సామాన్లో ఉందిలే అంది. ఎందుకన్నదో తెలీదు. చుట్టూ అందరూ నవ్వు మొహాలతో ఉన్నారు, ఎవరో చప్పట్లు కొడుతున్నారు, అప్పుడు చెప్పలేకపోయిన మాట తరవాత చెప్పడానికి నోరు రాలేదు. సౌండాయన ఫ్రీజర్లోంచి తాళాలు తీసుకుని స్విచ్చి వేశాడు, ఫ్రిజ్ మళ్ళీ రొద మొదలుపెట్టింది.

ఏడుపు శబ్దం కోసం ఆ రోజు డబ్బింగుకి గుర్తుగా రికార్డు చేసుకున్నదే సినిమాకి అతికించారు, ఎందుకంటే డబ్బింగులో ఎన్నిసార్లు నిలబెట్టినా ఇలాగే, ఇవాళ్టిలాగే, గొంతు పెగల్లేదు. చిన్న హాలు ఒకటి తీసుకుని తెలిసినవాళ్ళకి చూపించారు. అక్కని వరుస మధ్యలో కూర్చోబెట్టారు, అటు నలుగురి మోకాళ్ళు, ఇటు నలుగురి మోకాళ్ళు. ఇక్కడ హాలు సద్దుమణిగిపోతుంది చూడు అన్నాడు తమ్ముడు చెవిలో, అంతవరకు నవ్వించి ఈ చోట ఏడిపించాలని వాడి పట్టుదల. సద్దుమణిగింది కూడా. ఈల మొదలైంది. హిక్. వెనక వరుసలో ఎవరో ముక్కుతో నవ్వారు, అంతే, హాలు హాలంతా, కడుపులు పట్టుకుని, కుర్చీల చేతుల మీద కొట్టుకుంటూ, ముందు కూర్చున్న ఆవిడైతే జోడు తీసి కళ్ళు తుడుచుకుంది. లేచి పోదామంటే నలుగురి మోకాళ్ళు దాటాలి. అక్క ఏడవలేక నవ్వింది. తమ్ముడి మొహం మొదట పాలిపోయింది, తరవాత మెల్లగా రంగొచ్చింది, బయటికొచ్చేసరికి వాడే అంటున్నాడు, "నవ్విన నాపచేనే పండుతుందక్కా." ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి ఫోన్లలోకి వదిలారు, అది ఈ చెయ్యీ ఆ చెయ్యీ మారి ఎక్కడెక్కడికో పోయింది, గొడుగు దగ్గర్నుంచి చెప్పుల దాకా దేన్ని పోగొట్టుకున్నా జనం ఆ ఏడుపు ఒకళ్ళకొకళ్ళు పంపుకుంటున్నారట. పోస్టరు మీద రబ్బరు చక్రం, దాని మధ్యలో తన మొహం. దుకాణంలో ఒక పెద్దాయన గడ్డం మిషను మీద ఆనించి, ఈ అద్దం బాగుందా, ఇదా అని తను అడుగుతుంటే, అక్షరాలు మానేసి తన వంకే చూశాడు. "రబ్బరావిడ మీరే కదూ? ఒక్కసారి ఏడవమ్మా, మా మనవరాలికి ఫోన్లో వినిపిస్తాను." కింది వరస చదవండి అంది.

నవ్వడం తప్పని ఎవరితో చెబుతుంది? తనూ నవ్వింది ఒకప్పుడు, ఆ గోడ దగ్గర. చెప్పాలంటే తమ్ముడికి చెప్పాలి. చెబితే ఏమవుతుందో తెలుసు, వాడు వెర్రిబాగులవాడు, సీను మొత్తం పీకి పారేస్తాడు, పెద్దమనిషి లేచిపోతాడు, తిండి పెడితే చాలని మూడేళ్ళు పని చేసిన వాళ్ళంతా వాడి మొహం చూస్తారు. చెప్పకపోతే, అమ్మ గంట అని పెట్టిన రబ్బరుని పట్టుకుని జనం పొట్టలు చెక్కలయ్యేట్టు ఏడవాలి, ఇంకాస్త సాగదీసి, ఇంకాస్త గట్టిగా. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. చించుకోకపోతే ఇదిగో, ఇలా ఉంటుంది. తలుపు రబ్బరు, స్పాంజి గోడలు, ఎర్ర లైటు. పాతదే అతికించెయ్యొచ్చు కదా అంటే, దాని వెనక యూనిట్ వాళ్ళ కిసకిసలున్నాయి అక్కా, పెద్ద హాల్లో వినపడతాయి అన్నాడు సౌండాయన. నిజమే. అప్పుడు కూడా ఎవరో ఒకళ్ళు తలుపు కొడుతూనే ఉన్నారన్నమాట.

బీప్. బీప్. బీప్. ఏమీ రాలేదు, ఊపిరి కూడా రాలేదు. తెర నల్లబడింది. పెద్దమనిషి జోడు పైకి నెట్టుకుని గడియారం చూసుకున్నాడు. తమ్ముడు సౌండాయన భుజం తట్టి, అటు తిరిగి, మూరెడు మందం తలుపుని రెండు చేతులా లాగాడు, బయటి చల్లగాలి గుప్పున వచ్చింది, తలుపు మూసుకుంది, గాలి ఆగిపోయింది. ఇద్దరు మనుషులకి చాలని గది. వాడి ఒంటి మీద ఆ రోజు చొక్కాయే, షూటింగ్ చొక్కా, జేబు దగ్గర కుట్టు ఊడింది.

"నా వల్ల కావట్లేదురా," అంది.

"అవుతుందక్కా. నువ్వు ఊరికే ఆలోచిస్తున్నావు. అమ్మ ఎలా ఏడ్చేదో గుర్తు తెచ్చుకో, చాలు. అదే కదా నువ్వు ఆ రోజు చేసింది." వాడు స్టూలు మీది తువ్వాలు తీసుకున్నాడు, మూతికి అడ్డం పెట్టుకున్నాడు, చిన్నప్పట్లాగే, కళ్ళు చికిలించి నవ్వాడు. "ఇదిగో, చూడు." మైకు ముందుకి వంగాడు.

ఈల మొదలైంది. అది హెడ్‌ఫోన్లోంచి నేరుగా రెండు చెవుల్లోకి వచ్చింది, తమ్ముడు పక్కనే ఉన్నాడు గానీ శబ్దం వాడి దగ్గర్నుంచి రావట్లేదు, గోడకి ఆనుకున్న ఆవిడ దగ్గర్నుంచి వస్తోంది, బాత్రూంలో వట్టి నేల మీద నీళ్ళ కిందనుంచి వస్తోంది, అచ్చు అదే, పైకి పైకి, పగలబోయే చోట, హిక్. అక్క కళ్ళు మూసుకుంది. ఆవిడ పోయాక అమ్మ గొంతు వినడం ఇదే మొదటిసారి. వాడు రెండోసారి ఎత్తుకున్నాడు, హిక్, మూడోసారి, చూపించడానికి ఒకటి చాలు, వాడు ఆపలేదు, కళ్ళు తెరిచి చూస్తే తువ్వాలు పైన వాడి కళ్ళు నవ్వట్లేదు. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదని అమ్మే అనేది, వీడు దొంగేడుపులు ఏడ్చినప్పుడల్లా. ఇది దొంగది కాదు. వాడు ఆపాలని చూస్తున్నాడు, ఆగట్లేదు, భుజాలు ఎగిరిపడుతున్నాయి, ఆమె వాడి భుజం పట్టుకుంది, తనకీ మొదలైంది, ఇద్దరిదీ ఒకటే ఈల, ఒకటే వెక్కిలి, ఒకరిది ఆగిన చోట ఇంకొకరిది. అద్దం అవతల పెద్దమనిషి సోఫాలోంచి లేచి నిలబడి, పొట్ట పట్టుకుని, జోడు చేతిలోకి తీసుకుని నవ్వుతున్నాడు. సౌండాయన బొటనవేలు పైకెత్తాడు.

తమ్ముడు ఎలాగో నిలదొక్కుకున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని మెల్లగా అడిగాడు. "అక్కా, ఆ రోజు నువ్వు నటించలేదు కదూ?"

ఇంక దాచి ఏం చేసుకుంటుంది. "ఆ రబ్బరు అటక మీదది కాదురా. అమ్మ ఫ్రీజర్లో పెట్టి వెళ్ళింది." గొంతు ఇంకా వెక్కుతోంది. "గంటాగి తియ్యమంది."

వాడి పెదాలు ఏదో అనబోయాయి. టిక్కుమంది.

"అదిరింది అన్నా," సౌండాయన గొంతు, వెనక పెద్దమనిషి నవ్వు. "అన్నీ పడ్డాయి. అక్కా, చివర్లో ఏదో అన్నావే, గంటాగి తియ్యమందని, సార్‌కి అది తెగ నచ్చింది. సీను ఆఖర్న నువ్వు మొహం మోకాళ్ళలో పెట్టుకుంటావు కదా, పెదాలు కనపడవు, అక్కడ వేసేద్దాం, హాలు లేచిపోతుంది. వెక్కిలి కాస్త అడ్డం పడింది. ఇంకొక్కసారి చెప్పెయ్, సేఫ్టీకి."

తమ్ముడు గిరుక్కున అద్దం వైపు తిరిగాడు. "కాదు సార్, అది..." అన్నాడు, ఆగాడు. అక్క వాడి కళ్ళు చూసింది. ఇన్నేళ్ళుగా చూస్తున్న కళ్ళే, ఎడమ కంటికి కుడిదానికంటే కాస్త చూపు మందం, అవి తడిగా ఉన్నాయి, ఆ తడి వెనకాల ఇంకొకటి కదులుతోంది, తెర మీద తన మొహం మోకాళ్ళలోకి వాలడం, ఆ మాట అక్కడ పడటం, హాలంతా వినడం, అది అక్కడ ఎంత బాగుంటుందో వాడికి కనిపిస్తోంది. కనిపిస్తున్నందుకు వాడికి సిగ్గుగా ఉంది, అదీ కనిపిస్తోంది. తమ్ముడూ వాడే, డైరెక్టరూ వాడే, రెండు జతల కళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి ఒకే మనిషికి.

"అక్కా, నువ్వు వద్దంటే తీసేస్తాను. సీనంతా తీసేస్తాను," అన్నాడు. నిజంగానే అన్నాడు.

"ఉండనీరా," అంది. "చెమటలు పడుతున్నాయి, త్వరగా కానిద్దాం."

వాడు ఆమె చెవుల మీద హెడ్‌ఫోన్ సరిచేశాడు, పక్కకి జరిగి గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. తెర వెలిగింది. వంటింట్లో నేల మీద ఆమె, చేతిలో రబ్బరు, మొహం మెల్లగా మోకాళ్ళలోకి వాలుతోంది. బీప్. బీప్. బీప్.

"గంటాగి తియ్యమంది," అంది అక్క.

అద్దం అవతల ఇద్దరూ నవ్వారు. లోపలికి ఏమీ వినపడలేదు.